పన్నెండు సోమవారాల దారి

కండక్టరు ఉద్యోగంలో పదకొండేళ్ళుగా ఒకే రూటులో తిరుగుతున్నా, ఆ దారి ఎలా ఉంటుందో ఆవిడకు తెలియదు. చెబితే నవ్వుతారు గానీ నిజం. కండక్టరు చూసేది దారిని కాదు, తలల్ని. దువ్వీ దువ్వని తలలు, బట్టతలలు, కునికిపాట్లు పడుతూ కిటికీకి కొట్టుకునే తలలు. మలుపొచ్చిందని మోకాళ్ళు చెప్పాలి, వంతెనొచ్చిందని చెవులు చెప్పాలి. చేతిలో టిక్కెట్ల మిషను, చంకలో సంచి, కాళ్ళ మధ్య ఎవరివో మూటలు. ముందు అద్దంలోంచి రోడ్డు చూస్తూ కూర్చునే భాగ్యం డ్రైవరుది.

అందుకే కొత్త ఫోను కొన్న నెలలోనే దాన్ని డ్రైవరు ముందున్న అద్దానికి ఒక మూల బిగించి, పొద్దున ఏడూ పది ట్రిప్పు మొత్తం రికార్డు చేసింది. ఇంటికెళ్ళి చూసుకుని, ఓహో, నేను రోజూ వెళ్ళేది ఇక్కడికా అనుకుంది. పక్కన కొండ ఇంత నీలంగా ఉంటుందని, పెంకుల ఫ్యాక్టరీ గోడ పొడుగునా పిచ్చిపూలు పూస్తాయని అప్పుడే తెలిసింది. ఇక అక్కణ్ణుంచి ప్రతి నెలా మొదటి సోమవారం అదే ట్రిప్పు, ఫోను అదే మూల. ఏడాది తిరిగేసరికి పన్నెండు వీడియోలు పోగుపడ్డాయి.

ఆ బస్సు డ్రైవరును డిపోలో అందరూ గడియారం అంటారు. ఆవిడ మాత్రం అన్నా అంటుంది. ఆయన ఆవిణ్ణి చెల్లెమ్మా అంటాడు. చుట్టరికం ఏమీ లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో కదిలే బస్సులో ఏ పట్టూ లేకుండా నిలబడటం ఆవిడకు నేర్పింది ఆయనే. కాళ్ళు గట్టిగా బిగిస్తే పడతావమ్మా, మోకాళ్ళు వదులుగా పెట్టుకో అని చెప్పి, ఆ నెలంతా మలుపుల దగ్గర బస్సుని చంకలో పసిబిడ్డలా తిప్పాడు. ఆయన టైముకు తిరుగులేదు. ఏ స్టాపుకి ఏ నిమిషమో, ఏ నిమిషంలో ఏ సెకనో కూడా తేడా రాదని చెప్పుకుంటారు. వచ్చే శుక్రవారానికి ఆయన ఒక్క ప్రమాదమూ లేకుండా ఇరవై ఐదేళ్ళు బస్సు నడిపినట్టవుతుంది. డిపో ఆవరణలో సభ పెట్టి, పై ఆఫీసు నుంచి పెద్ద అధికారి వచ్చి, చొక్కాకి బిళ్ళ తగిలిస్తారట. మేనేజరు కండక్టరమ్మను పిలిచి, నీ దగ్గర ఏవో వీడియోలున్నాయటగా, అయిదు నిమిషాల బొమ్మ ఒకటి చేసిపెట్టు, సభలో వేద్దాం అన్నాడు. ముందూ వెనకా చూడకుండా ఆవిడ సరేనంది.

ఇంట్లో పాత కంప్యూటరు ఒకటుంది. కరెంటు మీటర్లు రిపేరు చేసే ఆమె భర్త, వీడియోలు అతకడం నేర్చుకుంటానని ఎప్పుడో ఒక ఉచిత సాఫ్ట్‌వేరు దింపుకుని, మూడో రోజుకే ముచ్చట తీరి వదిలేశాడు. ఆవిడ దానితో నాలుగు ఆదివారాలుగా కుస్తీ పడుతోంది. పక్కనే కుర్చీ వేసుకుని అత్తగారు. ఆరు నెలల క్రితం ఆమెకు రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయింది. కొత్తగా వచ్చిన చూపుతో మొదటి వారంలోనే ఇంట్లో బూజంతా లెక్కపెట్టి కోడలికి అప్పజెప్పిన మనిషి. ఇప్పుడామె దృష్టి కంప్యూటరు తెర మీద పడింది.

మొదటి ఆదివారమే పెద్ద గండం వచ్చింది. వానాకాలం వీడియో పెట్టి, దాని పైన ఎండాకాలం వీడియో పెట్టగానే వాన కనిపించకుండా పోయింది. ఆవిడ కంప్యూటరంతా వెతికింది. చెరిపేశానేమో అనుకుంది.

"దుప్పటి కప్పి, కింద మనిషి లేడంటావేంటే," అంది అత్తగారు. "ఉండే ఉంటాడు. దుప్పటి పల్చగా ఉంటే కనపడతాడు."

ఇంటర్నెట్టులో పాఠాలు చెప్పే అమ్మాయి కూడా అదే మాట వేరే భాషలో చెప్పింది. ఒకదాని పైన ఒకటి పెట్టినవి లేయర్లు. పై లేయరు ఎంత మందంగా కనపడాలో చెప్పేది ఒపాసిటీ. నూరుంటే కంబళి. యాభైకి తగ్గిస్తే పల్చటి నేత. సున్నా అయితే ఉన్నా లేనట్టే. ఆవిడ వేలితో ఆ గీతను నూరు నుంచి కిందికి లాగుతుంటే, ఎండిన కొండలోంచి తడిసిన కొండ మెల్లగా పైకి తేలింది. ఎండలోనే వాన పడింది. పొడి రోడ్డు మీద వైపరు ఇటూ అటూ ఊగింది. పాలు పొంగిపోయిన వాసనొస్తే గాని అత్తాకోడళ్ళిద్దరికీ స్పృహ రాలేదు.

అప్పుడే బొమ్మ ఎలా ఉండాలో ఆవిడకు తోచింది. పన్నెండు సోమవారాలనూ ఒకదాని మీద ఒకటి పరవాలి. బస్సు ఒకటే వెళ్తుండాలి, దారి మాత్రం దాని కింద పొగమంచులోంచి ఎండలోకి, ఎండలోంచి వానలోకి కరిగిపోతూ ఉండాలి. వేరే డ్రైవరైతే ఇది అయ్యే పని కాదు. ఒకనాడు ముందు, ఒకనాడు వెనక అయితే కొండ మీద కొండ కూర్చోదు. గడియారం కాబట్టే కుదురుతుంది. వంతెన చివరి దీపస్తంభం తెరలోంచి తప్పుకునే క్షణాన్ని గుర్తుగా పెట్టుకుని అన్ని వీడియోలనూ అక్కడ కత్తిరించింది. ఒకదాని మీద ఒకటి పెడితే మలుపుకి మలుపు, స్తంభానికి స్తంభం అతికినట్టు కూర్చున్నాయి. సభలో ఇదొక్కటి చూపిస్తే చాలు, ఆయనెలాంటి డ్రైవరో ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు అనుకుంది.

సభ ఇక అయిదు రోజులుందనగా, నాలుగో ఆదివారం మధ్యాహ్నం, ఒక్కచోట మాత్రం తంటా వచ్చింది. పసిపిల్లల బడి దగ్గర, పై బొమ్మా కింది బొమ్మా విడిపోయి మసకమసకగా వణుకుతున్నాయి. తప్పు తన కత్తిరింపులోనే ఉందనుకుంది. మళ్ళీ కత్తిరించింది. ఇంకోసారి. తల ప్రాణం తోకకొచ్చింది.

పాఠం చెప్పే అమ్మాయి దగ్గర దానికీ ఒక ఉపాయముంది. పై లేయరును డిఫరెన్స్ అనే పద్ధతిలో కలిపితే, రెండు బొమ్మలూ ఒకేలా ఉన్నచోట తెర నల్లబడుతుంది. తేడా ఉన్నచోట మాత్రం వెలుగు వస్తుంది. ఆ వెలుగు చూసుకుంటూ సరిచేసుకోవాలి. ఆవిడ మబ్బు పట్టిన రెండు సోమవారాలను ఏరుకుంది. ఒకటి ఎనిమిదో నెలది, ఒకటి పన్నెండో నెలది. డిఫరెన్స్ నొక్కగానే తెరంతా బొగ్గయింది. కంప్యూటరు పోయిందంది అత్తగారు. పోలేదు, ఇలాగే ఉండాలి అంది కోడలు. ఆడించింది. వంతెన నలుపు. ఫ్యాక్టరీ గోడ నలుపు, పూలున్న చోట సన్నటి మెరుపు. మొదటి మలుపు, రెండో మలుపు, అంతా నలుపే. అక్కడక్కడ ఆకుల కదలిక బూడిదలా రాలుతోంది తప్ప, నాలుగు నెలల తేడాతో నడిచిన రెండు బస్సులు ఒకే బస్సు.

బడి దగ్గర తెర భగ్గుమంది.

ఆవిడ ఆపి, రెండు వీడియోలనూ విడదీసి, పక్కపక్కన పెట్టుకుని చూసింది. బడి గేటు మారడంతో, రోడ్డు మీద పిల్లలు దాటే తెల్లగీతలను అరవై అడుగులు ముందుకు జరిపి కొత్తగా వేశారు. అది జరిగింది ఆరో నెలలో. ఎనిమిదో నెల సోమవారం నాడు బస్సు కొత్త గీతలకు చాలా ముందే వేగం తగ్గించుకుని, బుద్ధిగా వెళ్ళింది. పన్నెండో నెలలో అలా కాదు. బస్సు పాత గీతలుండే చోట, ఇప్పుడక్కడ ఉత్త తారు తప్ప ఏమీ లేదు, అక్కడ నెమ్మదించింది. తర్వాత వేగం అందుకుంది. కొత్త గీతలు దాదాపు బానెట్టు కిందికి వచ్చాక బ్రేకు పడి, బొమ్మంతా ముక్కు కిందికి పొడుచుకున్నట్టు వంగింది.

ఆ కుదుపు ఆవిడకు తెలుసు. మూడు నెలలుగా రోజూ మోకాళ్ళతో భరిస్తోంది. గీతలు మార్చినందుకు అన్నకు కోపమని, పాసింజర్లు దాని మీద జోకులేసుకుంటుంటే తనూ నవ్వింది. తొమ్మిది, పది, పదకొండో నెలలు కూడా తీసి చూసింది. నెలనెలకూ బస్సు నెమ్మదించే చోటు పాత గీతల వైపే వెనక్కి జరుగుతోంది.

"నేర్చుకున్నది ఎవరైనా మర్చిపోతారా అత్తయ్యా," అంది. "ఎనిమిదో నెలలో సరిగ్గా ఆపాడు కదా."

అత్తగారు కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుని, మరొక్కసారి ఆడించమంది. చూసింది.

"వాడు చూసి ఆపట్లేదే అమ్మాయ్. తలుచుకుని ఆపుతున్నాడు."

ఆ తర్వాత అత్తగారు తన గుట్టు తనే విప్పింది. ఆపరేషన్‌కు ముందు రెండేళ్ళు ఆమె వంట చేసింది కళ్ళతో కాదట. ఉప్పు డబ్బా పొయ్యికి జానెడు, పంచదార డబ్బా దాని పక్కన, కత్తిపీట మూడడుగులు. అంతా లెక్క. ఒకరోజు కోడలు అలమర తుడిచి డబ్బాలు అటూ ఇటూ మార్చి పెట్టింది. ఆరోజు టీలో ఉప్పు పడింది. నా వంటింట్లో నా డబ్బాలు ముట్టుకున్నావని ఆమె వారం రోజులు కోడలితో మాట్లాడలేదు. "కనపట్లేదని చెప్పలేక చేసిన గొడవది," అంది అత్తగారు, ఎవరో మూడో మనిషి సంగతి చెబుతున్నట్టు. "ఎందుకు చెప్పలేదంటావా. చెబితే మూల కూర్చోబెడతారు కదా."

ఆ రాత్రి సంగతి ఎందుకు గానీ, మర్నాడు సోమవారం ఏడూ పది ట్రిప్పులో కండక్టరమ్మ తలలను చూడలేదు. ముందుకెళ్ళి డ్రైవరు వెనక నిలబడింది. మెచ్చుకోళ్ళుగా విన్నవన్నీ ఇప్పుడు వేరేలా కనపడ్డాయి. ఎవరూ లేని స్టాపుల్లో కూడా ఆయన బస్సు ఆపుతున్నాడు. పరిగెత్తుకొచ్చేవాళ్ళుంటారని జాలి, అంత మంచి మనిషి ఇంకెక్కడుంటాడు అని ముసలివాళ్ళు చెప్పుకుంటుంటారు. స్టాపులో మనిషి ఉన్నదీ లేనిదీ తెలిస్తే కదా ఆపకుండా పోయేది. ఏమ్మా, కబుర్లు చెప్పు అని ఈమధ్య తనను ముందుకు పిలవడం, చెయ్యెత్తిందెవరు, మనవాళ్ళేనా అని అడగడం, అన్నీ గుర్తొచ్చాయి.

చివరి స్టాపు దగ్గర, బస్సు నత్తనడకన మలుపు తిరుగుతుండగా, ఆవిడ ఒక పని చేసింది. తర్వాత చాలా రోజులు దానికి సిగ్గుపడింది. రోడ్డు మీద పురుగైనా లేదు. అయినా మెల్లగా, "అన్నా, ఎడమపక్క సైకిలాయన," అంది.

ఆయన స్టీరింగు కొంచెం కుడికి తిప్పి, బ్రేకు మీద కాలేశాడు. లేని సైకిలుకు మర్యాదగా దారిచ్చాడు.

"చూశాలే చెల్లెమ్మా," అన్నాడు.

మధ్యాహ్నం డిపోలో విశ్రాంతి షెడ్డు. ఆయన అన్నం తిని, డబ్బా కడుక్కొచ్చి, బెంచీ మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. చుట్టూ ఎవరూ లేరు. ఆవిడ ఫోను తీసి చేతికిచ్చింది. ముందుగా దారి కరిగిపోయే బొమ్మ చూపించింది. ఆయన ఫోనును చెయ్యి చాచి పట్టుకుని, తర్వాత ముక్కుకి తగిలేంత దగ్గరగా తెచ్చుకుని చూశాడు. బాగుంది, దీనికి మంచి పాట ఒకటి పెట్టు అన్నాడు. అప్పుడు రెండోది చూపించింది. ఇదేంటి, నల్లగా ఉంది అన్నాడు. ఆవిడ చెప్పింది. నలుపంటే ఏమిటో, వెలుగంటే ఏమిటో, ఆ వెలుగు ఎక్కడొచ్చిందో, ఎందుకొచ్చిందో. లేని సైకిలు సంగతి కూడా చెప్పింది. దాచుకుంటే నోరు మెదిలేది కాదు మరి.

ఆయన చాలాసేపు డబ్బా మూతను బిగిస్తూ, విప్పుతూ కూర్చున్నాడు. తిడతాడనుకుంది. తిట్టినా బాగుండేది.

అయిదు నెలలైందట. పొద్దున ఎండ ఎదురుగా కొడితే తెల్లగోడ తప్ప ఏమీ ఉండదట. మనుషులు కరెంటు స్తంభాల్లా, స్తంభాలు మనుషుల్లా కనపడతారట. మరి ఏటేటా కళ్ళ పరీక్ష చేస్తారుగా అని అడిగింది. ఆయన అదోలా నవ్వాడు. డిపో వైద్యశాలలో గోడకు వేలాడే అక్షరాల అట్ట ఇరవై ఏళ్ళుగా అదే. డ్రైవర్లందరికీ అది పై వరస నుంచి కింది వరస దాకా కంఠోపాఠం. కొత్తగా చేరినవాడికి మొదట గేరు మార్చడం, తర్వాత ఆ అట్ట నేర్పుతారు.

"కిందటిసారి ఆఖరి వరస తడబడితే నువ్వే కదమ్మా అందించావు," అన్నాడు.

అవును. తలుపు దగ్గర నిలబడి, నవ్వుకుంటూ, అందించింది. డిపోలో అదొక సరదా.

శుక్రవారం అయ్యాక తనే వెళ్ళి చూపించుకుంటానన్నాడు. ఇరవై ఐదేళ్ళకు నాలుగు రోజులు తక్కువలో ఇప్పుడెళ్తే ఆ మాట ఫైలుకెక్కుతుంది. గేటు పక్కన కుర్చీ వేసి, వచ్చే బస్సుల నంబర్లు రాసుకోమంటారు. "ఆ నంబర్లు కూడా కనపడవు," అని తన మీద తనే జోకేసుకున్నాడు. ఆవిడ నవ్వలేదు. నాలుగు రోజులు అనే మాట మాత్రం చెవిలో జోరీగలా తిరిగింది. నాలుగే రోజులు. ఈయనకు చూపు ఈ రోజే తగ్గలేదు కదా. అయిదు నెలలుగా గడిచింది, నాలుగు రోజులు గడవదా.

అందుకే ఆ మాట ఆవిడే అంది. ఆయన అడగలేదు.

"నేను ముందు నిలబడతానన్నా. నువ్వు చూడాల్సినవన్నీ నేను చెబుతా. శుక్రవారం దాకా."

ఆ మధ్యాహ్నం మొదటి రెండు ట్రిప్పులూ అలాగే నడిచాయి. ముందు లారీ. కుడిపక్క బండి ఎదురొస్తోంది. ఎడమ పక్క ఇద్దరు పిల్లలు, ఆగి ఉన్నారు. గీతలింకా నలభై అడుగులు, ఇప్పుడు కొట్టు బ్రేకు. కుదుపు లేదు. బస్సు మళ్ళీ ఎనిమిదో నెలలో నడిచినట్టు నడిచింది. ఆయన మొహం విచ్చుకుంది. ఇద్దరం కలిస్తే ఏమీ కాదమ్మా అన్నాడు. ఆవిడకూ అలాగే అనిపించింది. ఆయన చేతులు, తన కళ్ళు. దారి ఇంత బాగుంటుందని కూడా అప్పుడే తెలిసింది. పదకొండేళ్ళలో మొదటిసారి దాన్ని నేరుగా చూస్తోంది.

మూడో ట్రిప్పులో, సంత నుంచి వచ్చే ఆడవాళ్ళతో బస్సు కిక్కిరిసింది. ఒక స్టాపులో ఆవిడ కళ్ళు ముందు అడ్డంగా నిలబడ్డ ట్రాలీ మీదున్నాయి. అది తప్పుకోగానే, వెనక్కి తిరక్కుండానే చెయ్యెత్తి బెల్లు తాడు లాగింది. రైట్ అంది. బస్సు కదిలింది. వెనకనుంచి పెద్ద గోల.

వెనక తలుపు దగ్గర ఒక ముసలామె ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టి ఉందట. ఎవరో రెక్క పట్టుకుని లోపలికి లాగారు. ఏమీ కాలేదు. చెప్పొకటి రోడ్డు మీద పడిపోయింది. ఆవిడ దిగి వెళ్ళి, దాన్ని తెచ్చి, వంగి ముసలామె కాలికి తొడిగింది. ముసలామె చెయ్యి కండక్టరు భుజం మీద ఆనించుకుంది. పక్కనున్నామె ఊరుకోలేదు.

"వెనకాల ఎక్కేవాళ్ళు నీకు మనుషుల్లా కనపడట్లేదా తల్లీ," అంది.

తర్వాతి ట్రిప్పులో ఆవిడ ముందుకీ వెనక్కీ కాలుగాలిన పిల్లిలా తిరిగింది. ముందు ఉంటే వెనక ప్రాణం, వెనక ఉంటే ముందు ప్రాణం. ఇంటికొచ్చి కంప్యూటరు తెరిచింది గానీ, బొమ్మ ఆడించలేదు. రోజుకి ఎనిమిదిసార్లు ఆ గీతల మీదుగా. నాలుగు రోజులకు ముప్పై రెండు సార్లు. అత్తగారు ఏం చేశావని అడిగింది. చెప్పింది. అత్తగారు చల్లారిన టీ మళ్ళీ వెచ్చబెట్టి తెచ్చిచ్చింది.

మంగళవారం ఏడూ పది. బస్సు నిండింది. ఇంజను నడుస్తోంది. కండక్టరమ్మ తన చోటులో, వెనక తలుపు దగ్గర, బెల్లు తాడు పట్టుకుని నిలబడింది. అందరూ ఎక్కారో లేదో చూసుకుంది. తలుపు వేసింది. తాడు లాగలేదు.

ఏడూ పదకొండు. గడియారం బస్సు ఏడూ పదకొండుకి డిపోలో ఉండటం ఎవరూ ఎరగరు. బస్సుకి నిద్ర పట్టిందా అన్నారొకరు. కండక్టరమ్మకి పట్టిందేమో అన్నారు ఇంకొకరు. ముందు సీట్లోంచి ఆయన పైనున్న అద్దంలోకి చూశాడు. ఆ అద్దంలో తనెలా కనపడుతుందో ఆవిడకు ఇప్పుడు తెలుసు. ఒక స్తంభం.

"రైట్ చెప్పమ్మా," అన్నాడు ఆయన, గొంతు పెంచి.

"చెప్పలేనన్నా."

"అందరూ ఎక్కారుగా."

"ఎక్కారు. అందుకే చెప్పలేను."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు గానీ, ఏదో ఉందని మాత్రం అందరికీ తెలిసింది. ఇప్పుడాయన కోపంతో బండి కదిలిస్తే తను ఏం చేయగలదు? బెల్లు లేకుండా కదిలించకూడదన్నది రూలు. రూలు మీరిన డ్రైవర్లు ఎంతమంది లేరు. పరిగెత్తి తాళంచెవి లాక్కుంటుందా? మేనేజరును పిలుస్తుందా? పిలిస్తే ఆయన ఇరవై ఐదేళ్ళూ తన నోటి మీదుగా పోతాయి. ఆ మాట ఆవిడ నోట రాకూడదు. అందుకే తాడు పట్టుకుని అలా నిలబడిపోయింది. అంతకన్నా చేతనైంది ఏమీ లేదు.

ఇంజను ఆగింది.

ఆయన తాళంచెవి తీశాడు. సీటు వెనక వేలాడదీసిన తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. దిగి, వెనక్కి చూడకుండా ఆఫీసు వైపు నడిచాడు. తిన్నగానే నడిచాడు. డిపో నేల ఆయన పాదాలకు కొట్టిన పిండి.

లోపల ఏం జరిగిందో తర్వాత ముక్కలుముక్కలుగా తెలిసింది. సార్, ఆ అట్ట నాకు నోటికొచ్చు, నన్ను దాంతో పరీక్షించకండి అన్నాడట. మేనేజరు మొదట కోప్పడ్డాడు, తర్వాత కుర్చీ చూపించాడు, తర్వాత నీళ్ళు తెప్పించాడు. సభ సంగతి తన చేతిలో లేదని, పైకి రాయాలని అన్నాడట. కంటాసుపత్రికి ఉత్తరం రాసిచ్చాడు. ఆసుపత్రి ఉన్నది ఈ రూటులోనే, ఆఖరి స్టాపుకి రెండు స్టాపుల ముందు.

ఏడున్నరకు ఒక వేరే డ్రైవరు వచ్చాడు. వేరే డిపో నుంచి మారి నిన్ననే చేరాడు, ఈ దారి ఎన్నడూ ఎరగడు. సీటు ముందుకు జరుపుకుని, అద్దం కిందికి వంచుకున్నాడు. గడియారం పాసింజర్ల తలుపులోంచి ఎక్కాడు. మొదటి వరసలో ఎవరో లేచి చోటిచ్చారు. కూర్చోలేదు. కండక్టరమ్మ వైపు రాలేదు, ఆవిడా ముందుకెళ్ళలేదు. ఆవిడ తలలన్నీ ఒకసారి చూసుకుని, తాడు లాగింది.

బస్సు వంతెన దాటింది. ఫ్యాక్టరీ గోడ దగ్గర కొత్త డ్రైవరు తడబడి గేరు వెతుక్కున్నాడు. బస్సు మూలిగింది.

"రెండులో వెయ్యి బాబూ," అన్నాడాయన, కమ్మీ పట్టుకుని ముందుకు వంగి. "ఈ గోడ అయిపోయేదాకా రెండే. తర్వాత కుడికి తిరుగుతుంది, చూడ్డానికి చిన్నదే గానీ లోతు మలుపు. వెనక చక్రం గట్టు ఎక్కకుండా కొంచెం బయటికి పోనిచ్చి తిప్పు."

కొత్త డ్రైవరు అలాగే తిప్పాడు. బస్సు వెన్నలో కత్తిలా తిరిగింది. ఒక్క మూటైనా దొర్లలేదు. ఎవరో పెద్దాయన, ఈయనెవరో బాగానే నేర్పుతున్నాడే అన్నాడు. మొదటి మలుపు, రెండో మలుపు, స్టాపు, మళ్ళీ ఎత్తు. ఆయన చెబుతూనే ఉన్నాడు. ఎక్కడ వాన పడితే జారుతుందో, ఎక్కడ ఏ గేటులోంచి బండి వెనక్కి వస్తుందో, ఏ చెట్టు కొమ్మ అద్దానికి తగులుతుందో. గొంతులో నిన్నటి బెరుకు లేదు. వెనక నుంచి కండక్టరమ్మకు ఆయన వీపు, చెయ్యి కనపడుతున్నాయి. మాటల కంటే ముందే చెయ్యి తిరిగి, మలుపు ఎటో చెబుతోంది.

బడి ఇక ఒక ఫర్లాంగు దూరం ఉందనగా ఆయన ఆగిపోయాడు. చెయ్యి కిందికి దించుకున్నాడు. కొత్త డ్రైవరు, ఇప్పుడెలాగండీ అని అడిగాడు.

"ఇక్కడ రోడ్డు మార్చారు," అన్నాడాయన, బస్సులో అందరికీ వినపడేలా. "అది నేను సరిగ్గా చూడలేదు. ఇక్కణ్ణుంచి నువ్వే చూసుకో."